నాయన చెప్పిన క్రిస్మస్ సినిమా

మా నాయనకు ఇంగ్లీషు రాదు. రాదని ఒప్పుకోవడం అంతకన్నా రాదు. నంద్యాలలో విత్తనాల అంగడి పెట్టుకున్న మనిషికి ఇంగ్లీషుతో ఏం పని? అయినా ప్రతి క్రిస్మస్ సెలవుకు టీవీలో వచ్చే ఒక కామెడీ సినిమాను నాకూ తమ్ముడికీ తెలుగులో చెప్పే బాధ్యత ఆయనదే. అక్కడ నోళ్లు కదలడమే ఆలస్యం, ఈయన అందుకునేవాడు. అందులో క్రిస్మస్ తాత పొగగొట్టంలో ఇరుక్కుంటే, "ఓళిగలు ఎక్కువ తిన్యాడు, పొట్ట పట్టల్యా" అనేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

నాకు పదేళ్లప్పుడు, ఒక డిసెంబరులో అమ్మ ఇంట్లో లేదు. ఆ నెల మొదట్లో ఒకనాడు కూరలో ఉప్పెక్కువైందని చుట్టాలందరి ముందర నాయన కంచం విసిరేశాడు. అమ్మ మెతుకులన్నీ ఎత్తింది. మరుసటి రోజు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కి పుట్టింటికి పోయింది. పదిహేను రోజులైనా రాలేదు. ఇంక రాదేమోనని నాకు ఒకటే భయం. తమ్ముడు అమ్మ చీర పరుచుకుని దాని మీద పడుకునేవాడు. నాయన మాత్రం మీసం దువ్వుకుంటూ, "వస్తాదిలే, యాడికి పోతాది" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

క్రిస్మస్ రోజు మమ్మల్ని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డకు పోయాడు. "పిల్లోళ్లు అమ్మను చూడాలంటాండారు" అని అవ్వతో, అంటే అమ్మ వాళ్లమ్మతో, చెప్పాడు. తనే అమ్మను పిలవడానికి వచ్చానని ఒప్పుకుంటే మీసం రాలిపోదూ! అమ్మ మమ్మల్ని దగ్గరకు తీసుకుంది కానీ ఆయన వంక చూడలేదు. మంచినీళ్ల చెంబు కూడా అవ్వే తెచ్చిచ్చింది. అన్నాలు తిన్నాక టీవీ పెట్టారు. అదే సినిమా. అమ్మ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"చెప్పు నాయనా" అన్నాడు తమ్ముడు.

సినిమాలో దొంగగడ్డం పెట్టుకున్న భర్త మంచులో నిలబడి తలుపు బాదుతున్నాడు. లోపలి నుంచి భార్య ఏదో అడిగింది.

"ఎవరది అంటాంది" అన్నాడు నాయన.

భర్త చేతులు ఊపుతూ గడగడా మాట్లాడాడు. నాయన వెంటనే అందుకోలేదు.

"నాదే తప్పు అంటాండాడు" అన్నాడు చివరికి, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా. "నలుగురి ముందర అట్ల చేసిండకూడదు, బుద్ధి గడ్డి తిన్యాది. పిల్లోళ్లు బెంగ పెట్టుకున్యారు. నాకూ ఇల్లు ఇల్లు మాదిరి లేదు. ఇంటికి పోదాం రా... అంటాండాడు."

టీవీలో ఆ మనిషి ఎప్పుడో నోరు మూసుకున్నాడు. మా నాయన ఇంకా చెప్తూనే ఉన్నాడు.

"పాపం, మంచోడే" అంది అవ్వ. అమ్మ చేట పక్కన పెట్టి లేచి లోపలికి పోయింది. సాయంత్రం నంద్యాల బస్సులో నాకూ తమ్ముడికీ మధ్య కూర్చుంది. సగం దారిలో శిరివెళ్ల దాటేదాకా నేను ఆమె కొంగు వదల్లేదు.

మొన్నటి క్రిస్మస్‌కు అమ్మానాయనల దగ్గర కూర్చుని ఆ సినిమా మళ్లీ పెట్టాను. ఇప్పుడు మాటలన్నీ కింద తెలుగులో వస్తున్నాయి. తలుపు దగ్గర ఆ మహానుభావుడు అన్నది ఇదీ: "కుక్క తాళం చెవి మింగేసింది, తొందరగా తలుపు తియ్యి, చలికి చస్తున్నా!"

నేను కడుపు పట్టుకుని నవ్వాను. నాయన దొరికిపోయిన మొహంతో, "ఆ పొద్దు వేరే మాదిరి ఉన్యాది" అని గొణిగాడు.

"నీకు అప్పుడు అనుమానం రాలేదా అమ్మా?"

"అనుమానమేంది? పదో తరగతి ఇంగ్లీషులో నేను ఇస్కూలుకే ఫస్టు. కుక్క, తాళం చెవి... ఆ మాత్రం తెలీదా నాకు?"

నాయన తెల్లబోయాడు. ఆమె ఏం చదివిందో ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"నాయన ఆ మాట అనకపోయుంటే వచ్చేదానివి కాదా?" అన్నాను.

అమ్మ నవ్వలేదు. "వచ్చేదాన్నే. మీ ఇద్దర్ని ఇడ్సిపెట్టి యాడుంటా? కాని ఈ మనిషికి అన్నం పెట్టేటప్పుడల్లా, కంచం మళ్లా ఎప్పుడు ఇసురుతాడోనని ఈ పొద్దుటికీ చూస్తాండేదాన్ని."