అత్తమ్మ మొక్కు, నా పాదాలు

గొర్ల దొడ్డి ఊడ్చి ఇంటికి వస్తుంటే మా బిడ్డ శ్రావణి వాకిట్లోనే ఆపింది. "అమ్మా, గా కాలి చెప్పేదే?" అని అడిగింది. కిందికి చూసుకున్నాను. కుడికాలికి చెప్పుంది, ఎడమకాలు ఉత్తదే. వెనక్కి పోయి చూస్తే చెప్పు దొడ్డి గేటు దగ్గర బురదలో ఇరుక్కుని ఉంది. అక్కణ్నుంచి ఇంటి దాకా అంతా కంకర బాట. ఒక్క రాయి గుచ్చినట్టు కూడా నాకు తెలియలేదు. అందరం నవ్వుకున్నాం. "నీకు సోయి తప్పుతాంది" అని మా ఆయన ఎగతాళి చేశాడు. నా జబ్బు బయటపడ్డ రోజు అది. మేం నవ్వి వదిలేశాం.

మాది మక్తల్ పక్కన ఒక పల్లె. గొర్ల మంద, దాంతో పాటు కొంత మెట్ట చెలక. నేను పదో తరగతి దాకా చదివాను, అందుకే ఇది నేనే రాస్తున్నాను.

తర్వాత కాళ్లు మొద్దుబారుతుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ తిమ్మిర్లని చెప్పి బీ కాంప్లెక్స్ సూదులు ఇచ్చాడు. తగ్గకపోతే పాలమూరు తీసుకుపోయారు. అక్కడ ఒక డాక్టరమ్మ రక్తం తీయించి షుగర్ చాలా రోజులుగా ఉందని చెప్పింది. కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ దారంతో నా అరికాలు అక్కడక్కడా పొడిచింది. "తగిలినప్పుడు చెప్పమ్మా" అంది. ఎప్పుడు మొదలుపెడుతుందా అని నేను ఎదురుచూస్తున్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె పొడవడం అయిపోయింది. "దీన్ని న్యూరోపతి అంటారు. మీ పాదాలకు స్పర్శ పోయింది. ఇక మీదట చెప్పుల్లేకుండా బాత్రూం దాకా కూడా నడవొద్దు" అంది. గోలీలు రాసిచ్చింది.

చెప్పుల సంగతి ఇంట్లో చెప్పాను. అత్తమ్మ విన్నది. విన్నదని గట్టిగా ఎందుకంటున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ వానాకాలం మందకు నీలినాలుక వచ్చింది. గొర్లు మూతులు వాచి మేత మానేశాయి. పొద్దున దొడ్డికి పోవాలంటేనే భయం. అత్తమ్మ దొడ్డి గేటు పట్టుకుని ఏడుస్తూ శ్రీశైలం దిక్కు దండం పెట్టింది. "మంద నిలవడితే నా కోడలు ఉత్తకాళ్లతోని పర్వతం నడిచొస్తది, మల్లన్నా!" అంది. మా దిక్కు ఇదే వాడుక. పెద్దవాళ్లు మొక్కుతారు, ఇంటి కోడలు తీరుస్తుంది. కాళ్లు ఎవరివో వాళ్లను అడిగే ఆనవాయితీ లేదు.

మంద నిలబడింది. పశువుల డాక్టర్ వేసిన టీకాల పేరు ఎవరూ ఎత్తలేదు.

ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలం వెళ్లే నడక జనం మా ఊరి మీదుగానే పోతారు. మా ఊరివాళ్లు కూడా వాళ్ల వెంట ఒక గుంపుగా కదులుతారు. చెప్పులు విడిచి నేనూ బయలుదేరాను. మరికల్ దాటామో లేదో అందరికీ బొబ్బలు లేచాయి. తారు రోడ్డు పెనంలా కాలుతుంటే ఆడవాళ్లు గడ్డి మీదికి, నీడలోకి ఉరికేవాళ్లు. నేను మాత్రం రోడ్డు నడిమి నుంచి నింపాదిగా నడిచాను. మా గుంపు పెద్ద అది చూసి చేతులు జోడించాడు. "బాలమ్మకు జర గూడ మంట తెలుస్తలేదు. గిది మల్లన్న దయ గాకపోతే ఏంది!" అన్నాడు. నన్ను అందరి ముందర నడవమన్నారు. కల్వకుర్తిలో ముసలివాళ్లు వచ్చి నా పాదాలకు పసుపు రాశారు. డాక్టరమ్మ చెప్పిన జబ్బు ఆ నడకలో మహిమ అయిపోయింది. నిజం చెప్పాలంటే, అంతమంది మొక్కుతుంటే నాకూ కొంచెంసేపు అది మహిమే అనిపించింది.

మన్ననూరులో అడవి మొదలయ్యే చోట ఆగి కూర్చున్నాం. వెనక వస్తున్న ఒకామె, "బాలమ్మా, నువ్వు నడిచిన కాడ నెత్తురు మరకలున్నయే" అంది. కాలు తిప్పి చూస్తే బొటనవేలి కింద తుమ్మముల్లు విరిగి లోపలే ఉంది. చుట్టూ నల్లబడి వాసన వస్తోంది. ముట్టుకుంటే ఏమీ తెలియలేదు. చలిజ్వరం మాత్రం తెలిసింది.

ఒక ఆటోలో వెనక్కి పాలమూరు ఆసుపత్రికి తెచ్చారు. ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోయిందని బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. డ్రెస్సింగ్ చేస్తూ డాక్టరమ్మ కోపంగా అడిగింది: "నొప్పి లేదని నడిచారా? నొప్పి లేకపోవడమే మీ జబ్బు అని చెప్పాను కదా!" నేను గోడవైపు తిరిగాను. అత్తమ్మ మంచం పక్కనే ఉంది. ఆమె మాత్రం వేరే లెక్కలో ఉంది. "మన్ననూరు కాడ ఆగింది. మిగిలింది వచ్చే యేడు నడవాలె" అంది మా ఆయనతో.

పుండు మానడానికి చాలా నెలలు పట్టింది. మెత్తటి అడుగు ఉన్న ఎంసీఆర్ చెప్పులు ఇచ్చారు. వాటితో ఇంట్లో, దొడ్డిలో తిరగడం నేర్చుకున్నాను. అంతలో మళ్లీ ఉగాది వచ్చింది.

మా అరుగు మీద పంచాయితీ కూర్చుంది. మిగిలిన దారిలో నేను ఏ ముక్క నడవాలన్నది దాని విషయం. మా ఆయన, "అడవిల నీడుంటది, గా ముక్క నడువ్. ఘాటు రోడ్డు ఆటోల పో" అన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "అడవిల నడిచేది ఎవలు జూస్తరు? దోమలపెంట కాడ దిగి, ఘాటు నడిచి గుడి ముంగట నిలవడాలె. గట్లయితేనే మొక్కు ముట్టినట్టు." నేను చెప్పులతో అయితే ఎక్కడైనా నడుస్తానన్నాను. గుంపు పెద్ద నవ్వాడు. "చెప్పులేసుకొని పోతే బస్సెక్కి పోయినట్టే గదమ్మా." అందరూ అవునన్నారు. వాళ్లలో ఒక్కరి కాలికైనా వేలు తక్కువ లేదు.

ఘాటే ఖాయం చేశారు. దోమలపెంట దగ్గర మా ఆయన నా చెప్పులు తన సంచిలో పెట్టుకున్నాడు. కృష్ణ దాకా దిగి, వంతెన దాటి, మళ్లీ పైకెక్కాను. వేళ్లు లేకపోతే బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుందని తర్వాత డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఆటోలో ముందే వచ్చిన అత్తమ్మ గుడి ముందు నన్ను కావలించుకుని ఏడ్చింది. అవి ఉత్తుత్తి ఏడుపులు కావు. అందుకే ఇప్పటికీ నాకు ఎక్కువ కోపం.

ఇంటికొచ్చాక కాలు కడిగి చూస్తే పాత పుండు నోరు తెరుచుకుని ఉంది. ఈసారి హైదరాబాద్ పంపారు. ఎక్స్‌రే తీసి, ఎముకకు చీము పట్టింది, ఆస్టియోమైలైటిస్ అని చెప్పి, ముందరి సగం పాదం తీసేశారు. "ఇంకోసారి పుండు పడితే మోకాలి కింద దాకా తీయాల్సి వస్తుంది" అన్నాడు అక్కడి సర్జన్. నేను వార్డులో ఉంటే అత్తమ్మ ఊరంతా ప్రసాదం పంచింది. మొక్కు ముట్టిందని.

ఇప్పుడు ఇన్సులిన్ నేనే వేసుకుంటాను. బూటులో దూది నింపుకుని దొడ్డి దాకా పోయి వస్తాను. నడవమని ఎవరూ చెప్పకుండా నేను నడిచే దారి అదొక్కటే.

మొన్న గొర్లకు పారుడు రోగం తగిలింది. అత్తమ్మ మళ్లీ దొడ్డి గేటు దగ్గర చేతులు జోడించింది. "మంద నిలవడితే నా మనుమరాలు శ్రావణి..." అంటుంటే నేను అడ్డం పోయాను.

"దాని పేరెత్తకు. మొక్కింది నువ్వు, కాళ్లు గూడ నీయే గావాలె. నీకు ఏ ముక్క ఇష్టమో గది నడువ్" అన్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమెకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. మా ఆయన తల దించుకున్నాడు.

అత్తమ్మ పంతం మనిషి. నడక జనం రాగానే చెప్పులు విడిచి వాళ్ల వెంట కదిలింది. ఊరి ముందరి పెద్దరోడ్డు దాకా పోయి, ఎవరిదో బండి మీద తిరిగొచ్చింది. అరుగు మీద కూలబడి నీళ్లడిగింది. నేను నీళ్లిచ్చి, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని చూశాను. రెండు మడమలకూ బొబ్బలు. తడిగుడ్డ పెడితే కాలు వెనక్కి గుంజుకుంది.

"నొస్తుందా, అత్తమ్మా?"

"నొస్తాంది బిడ్డా, పానం పోతాంది."

"నీ అదృష్టం" అన్నాను.

ఆమె నా బూటు వైపు చూసింది. శ్రావణి పేరు మళ్లీ ఎత్తలేదు.

షుగర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రోజూ కాళ్లు కడుక్కున్నాక అరికాళ్లు చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి. నొప్పి ఉంటే కాలే మిమ్మల్ని పిలిచి చూపిస్తుంది. నొప్పి లేనప్పుడే మీరు చూడాలి.