టీ బండి ఆవలింతలు

ఆ రోజుల్లో నాకు రెండే స్థితులుండేవి. చేతిలో మైకు లేకపోతే కోపం, మైకు ఉంటే వెటకారం. రెండూ ఒకటేనని తెలిసేసరికి జుట్టు పల్చబడింది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చినవాడు. డిగ్రీ అయ్యాక నన్నూ అక్కడే ఎక్కడో ఇరికించాలని ఆయన ఆశ. నేను మాత్రం ఆటోలో మైకు పట్టుకుని చీరల సేలు, కొత్త హోటలు, ఎగ్జిబిషను అంటూ ఊరంతా అరుచుకుంటూ తిరిగేవాణ్ణి. గాజువాక నుంచి పాత ఊరి దాకా నా గొంతు తెలియనివాళ్ళు లేరు, నా మొహం తెలిసినవాళ్ళూ లేరు. (మొహం తెలిసి ఉంటే ఈ కథ నేను ఆసుపత్రి నుంచి రాయాల్సి వచ్చేది.) నాకు మొట్టమొదట మైకు చేతికిచ్చినాయన పూర్ణా మార్కెట్లో టీ పొడి వ్యాపారి. తాత కాలం నుంచీ ఉన్న కొట్టు. అందరూ సాయిబు గారనే అనేవారు. ఆ టీ పొడి పేరు మాత్రం ఇక్కడ రాయను. నా నోటి వెంట గాని చేతి వెంట గాని ఆ పేరు రాకూడదని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఎందుకో చెబుతాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, భీమిలి వైపు మనిషి, మెకానిక్కు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు గాని మనిషి అడిగిన దానికి జవాబు చెప్పడానికి రెండు ఇంజన్లు విప్పి బిగించేంత సేపు పట్టేది. స్కూటరూ అంతే, మాటా అంతే, తిండీ అంతే. అందరి కంచాలూ కడిగేశాక కూడా ఆయన పప్పన్నం దగ్గరే ఉండేవాడు. నేను గరిటె మైకులా పట్టుకుని, "బావ గారు ఇప్పుడే సాంబారు చేరుకున్నారు, పెరుగు ఇంకా కనుచూపు మేరలో లేదు, ప్రేక్షకులు ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాం" అని కామెంటరీ చెప్పేవాణ్ణి. అక్క నవ్వేది. మొదట్లో బావా నవ్వేవాడు. తర్వాత ఎప్పుడో నవ్వడం మానేశాడు. అది నేను చూసుకోలేదు.

ఒక సంవత్సరం ఎలమంచిలి వెళ్ళే దారిలో, ఒక కంపెనీ వాళ్ళు బళ్ళు పరీక్షించుకోడానికి వేసుకున్న రోడ్డు మీద, స్పోర్ట్స్ కార్ల రేసు పెట్టారు. శుక్రవారం సాధన, శనివారం ఎవరి వేగమెంతో చూడ్డం, ఆదివారం అసలు రేసు. ఏకబిగిన ఆరు గంటలు, ఒక్కో బండికి ఇద్దరు డ్రైవర్లు, వంతులు మార్చుకుంటూ. బావ పనిచేసే గ్యారేజీ కూడా ఒక చిన్న బండిని తయారుచేసింది. దానికి టైర్ల ఖర్చు పెట్టుకొనేవాళ్ళు కావాలంటే, నోరు విప్పని మా బావే పూర్ణా మార్కెట్ వెళ్ళి, స్టూలు మీద కూచుని, మూడు టీలు తాగి, సాయిబు గార్ని ఒప్పించాడు. బండి ముందు భాగమంతా గులాబీ రంగులో ఆయన టీ పేరు రాయించారు. అంతటితో ఆగక రేసు నిర్వాహకులతో మాట్లాడి, "మావోడికి గొంతు బాగుంటాది" అని చెప్పి తెలుగు కామెంటరీ పని నాకిప్పించింది కూడా బావే.

ఈ రేసులో ఒక మెలిక ఉంది. ఒకే రోడ్డు మీద మూడు తరగతుల బళ్ళు ఒకేసారి పరిగెడతాయి. ఇస్త్రీ చేసి నేలకి అతికించినట్టుండే పెద్ద బళ్ళు, వాటి తర్వాత మధ్యరకం, ఆ తర్వాత మామూలు కార్లకి కొంచెం పొగరెక్కినట్టుండే చిన్నవి. ఏ తరగతి పోటీ ఆ తరగతిలోనే, ఏ తరగతి కప్పు దానిదే. ఈ సంగతి శుక్రవారం పొద్దున్న మమ్మల్నందర్నీ కూచోబెట్టి విడమర్చి చెప్పారట. నేను ఉప్మా లైనులో ఉన్నాను. (ఉప్మా బాగుంది. జీడిపప్పు వేశారు.)

ఆదివారం జనం బాగా వచ్చారు. స్టీలు ప్లాంటు కాలనీల నుంచి, అనకాపల్లి నుంచి కుటుంబాలతో దిగారు. సాయిబు గారు తెల్లటి బట్టల్లో, మెడలో స్పాన్సరు పాసుతో, మార్కెట్లో తన తోటి వ్యాపారులందర్నీ ఒక బస్సులో వేసుకుని వచ్చి, ముందు వరసలో కూచున్నారు. మా కామెంటరీ గది కొంచెం ఎత్తు మీద ఉంటుంది. దాని కిందే పిట్లు, అంటే రేసు మధ్యలో బళ్ళు ఆగి టైర్లు మార్చుకుని పెట్రోలు పోయించుకునే కొట్ల వరస. ఎదురుగా జనం. మైకు నా చేతిలో. ఇంతకన్నా ప్రమాదకరమైన ఏర్పాటు ఇంకోటి లేదు.

మొదటి గంటలోనే పెద్ద బండొకటి మా టీ బండిని సర్రున దాటిపోయింది. కాసేపటికి ఇంకోటి. నాకు ఒళ్ళు మండిపోయింది. మా బావ పని చేసిన బండి, నాకు తెలిసిన కొట్టు పేరున్న బండి, ఇలా అందరిచేతా దాటించుకుంటుందా అని నిజంగానే కోపం వచ్చింది. కోపం మైకులోకి వెళితే ఏమవుతుందో ముందే చెప్పాను. "అదిగో టీ బండి. పొద్దున్నే టీ తాగినట్టు లేదు. తాగితే నిద్ర వచ్చినట్టుంది" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు చెవిన పడ్డాక నన్నాపగలిగే బ్రేకు ఏ గ్యారేజీలోనూ లేదు. "నిద్ర పట్టనివాళ్ళకి శుభవార్త, డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు, ఈ టీ ఒక కప్పు తాగండి" అన్నాను. ఎవరో కుర్రకుంక పెద్దగా ఆవలించాడు. తర్వాత చుట్టులో టీ బండి రాగానే ఆ వరసంతా ఆవలించింది. ఇంకాసేపటికి గాలరీ మొత్తం, ఆడా మగా పిల్లా పెద్దా, అరచేతులు నోటికడ్డం పెట్టుకుని ఒక్క శ్రుతిలో ఆవలిస్తున్నారు. సాయిబు గారు తీసుకొచ్చిన బస్సు జనం కూడా. ఆయన కుర్చీ ఖాళీగా ఉండడం చూశాను గాని, మంచినీళ్ళకి వెళ్ళారనుకున్నాను.

తలుపు దబ్బున తెరుచుకుంది. బావ. పిట్టులో పనిచేసేవాళ్ళు వేసుకునే, మంట అంటుకోని మందపాటి బట్టల్లో చెమట కారుతూ, హెల్మెట్ చంకలో పెట్టుకుని. నేను మైకు ఆపాను.

"ఏటి సేత్తన్నావ్‌రా?"

"జనం ఎంత సరదాగా ఉన్నారో చూడు బావా."

"మా బండి ఎన్నోది?"

"ఆఖర్నుంచి లెక్కపెట్టుకో."

"ఫస్టు." బావ ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. "మా కేటగిరీలో పొద్దున్నుంచీ ఫస్టే. పెద్ద బళ్ళ రేసు యేరు, మాది యేరు. ఎలమంచిలి టేసన్లో పేసింజర్ని పక్క లైన్లో ఎట్టి ఎక్స్‌ప్రెస్సుని ఒగ్గేత్తారు. పేసింజరు ఓడిపోనాదని మైకులో సెప్తారేట్రా?"

"మరి అందరికీ దారెందుకు ఇచ్చేస్తున్నారు?" అన్నాను.

"దారి ఇవ్వట్లేదు, తిన్నగా పోతన్నాం. ఎనకోడే సూసుకుని దాటుకోవాల. అదీ రూలు. కింద సాయిబు గారు కత్తి అడుగుతన్నారు."

"కత్తా?"

"బండి మీద ఆల పేరు గోకీడానికి. పేరు తర్వాత, ముందల మావోడి నాలిక గోకండన్నాను." హెల్మెట్ తలకి తగిలించుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. "నోటితో పాడుసేసావు. ఆ నోటితోనే బాగుసెయ్."

మంచివాడైతే ఆ క్షణమే మైకు తీసుకుని చెంపలు వేసుకునేవాడు. నాకు తప్పు చేశానన్న బాధ కన్నా, అందరి ముందూ చదువుకున్నవాణ్ణి నాకు పేసింజరు పాఠం చెబుతాడా అన్న మంట ఎక్కువగా ఉంది. (అందరూ అంటే గదిలో నేనూ, ఒక టేబుల్ ఫ్యానూ.) క్షమాపణ చెబితే జనం నవ్వడం మానేస్తారని కూడా భయం. కాబట్టి టీ బండి ఊసెత్తకుండా, ఒక నీలం రంగు బండిని పట్టుకుని వెటకారం మొదలుపెట్టాను, అదే సద్దుమణుగుతుందని. సద్దుమణగలేదు. టీ బండి వచ్చినప్పుడల్లా జనం నా సాయం లేకుండానే ఆవలిస్తున్నారు.

ఆఖరి గంటలో కిందికి చూస్తే, పిట్టులో మా వాళ్ళ టైర్లు నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మీద సాయిబు గారు కూచుని ఉన్నారు. తెల్లటి బట్టలు, రెండు చేతులూ మోకాళ్ళ మీద, మార్కెట్లో గల్లాపెట్టె దగ్గర కూచున్నట్టే. బావా ఇంకో ఇద్దరూ చుట్టూ నిలబడి బతిమాలుతున్నారు. ఎత్తి పక్కన పెట్టొచ్చు, కాని పెద్దాయన మీద ఎవరు చెయ్యి వేస్తారు? "నా టైర్లు. నేను కూచుంటాను. బండి మీద నా పేరు చెరిపేసి, వేరే టైర్లు పెట్టుకోండి" అని అరుస్తున్నారాయన. ఆ టైర్లు లేకపోతే బండి రేసు ముగించలేదు. దూరంగా మలుపు తిరిగి మా బండి పిట్టులోకి వస్తోంది.

మైకు అందుకున్నాను. కాని నోరు అలవాటైన దారినే పట్టింది. "విశాఖ ప్రజల ఉదయాలకు ఉత్తేజం, మూడు తరాల నమ్మకం..." అంటూ ఆటోలో చెప్పే ప్రకటన మొదలుపెట్టాను.

సాయిబు గారు తలెత్తి నా వైపు అరిచారు. "అది రాసిందే నేను కదరా. నాకే అప్పచెబుతావా? నిజం చెప్పు."

బండి వచ్చి ఆగింది. జాకీ మీద లేచింది. పాత టైర్లు ఊడాయి. కొత్తవి పెద్దాయన కింద ఉన్నాయి. డ్రైవరు లోపల్నుంచి చేతులు ఊపుతున్నాడు. బావ వాటి పక్కన మోకాళ్ళ మీద కూచుని పైకి, నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మా తరగతిలో రెండో స్థానంలో ఉన్న బండి రేసు రోడ్డు మీద మా బండిని దాటి దూసుకుపోయింది.

"అందరికీ ఒక మాట" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ రేసు రూల్సు చెప్పినప్పుడు నేను ఉప్మా తింటున్నాను. నాకేమీ తెలీదు. ఇక్కడ మూడు రేసులు ఒకేసారి జరుగుతున్నాయి. పేసింజరు ఆగి ఎక్స్‌ప్రెస్సుకి దారిస్తే అది ఓడిపోయినట్టు కాదు. పొద్దున్నుంచి మీరు ఆవలిస్తున్న టీ బండి దాని రేసులో అందరికన్నా ముందుంది. ఇప్పుడు ఆగిపోయింది నా వల్ల. ఆ టీ తాగే నేను రోజూ ఈ మైకు పట్టుకోడానికి లేస్తాను. నిద్రపోయింది నేను. సాయిబు గారూ, తప్పయిపోయింది."

అప్పుడు ముందు వరసలో, మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఒకాయన లేచి నిలబడి, నా గది వైపు తిరిగి, నోరంతా తెరిచి నిదానంగా ఆవలించాడు. ఆయన వెనక వరస. దాని వెనక వరస. గాలరీ మొత్తం నన్ను చూస్తూ ఆవలించింది. అంత పెద్ద ఆవలింత నేను మళ్ళీ చూడలేదు. కింద సాయిబు గారి భుజాలు కదలడం కనిపించింది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. నవ్వుతూనే మోకాలు పట్టుకుని, ఒక చెయ్యి బావ భుజం మీద వేసి, లేచారు.

ఆయన లేవడానికి పట్టిన సమయమే రేసు. మా బండి ఆఖరి క్షణం దాకా తరిమింది. ముందున్న బండి తోక కనిపిస్తూనే ఉంది గాని అందలేదు. ఆరు గంటలు పరిగెత్తి, ఒక పెద్దమనిషి టైర్ల మీద నుంచి లేచేంత సేపట్లో ఓడిపోయారు. రెండో స్థానం. బహుమతుల దగ్గర సాయిబు గారు నన్ను పక్కకి పిలిచారు. నవ్వు అప్పటికే అయిపోయింది. "కూచున్నది నేనే. కూచోబెట్టింది నువ్వు. నా టీ పేరు ఇంకెప్పుడూ ఎత్తకు" అని చెయ్యి చాపారు. ఒట్టు వేశాను. ఆ తర్వాత చాలాకాలం పూర్ణా మార్కెట్లో ఆకతాయిలు ఆయన కొట్టు ముందు నిలబడి "పావుకిలో నిద్ర టీ" అని అడిగేవారట. ఆయన పళ్ళు నూరుకుంటూ తూచి ఇచ్చేవారట.

ఆ రాత్రి ఇంట్లో అందరం భోజనానికి కూచుంటే బావ మామూలుగా పప్పన్నం కలుపుకున్నాడు. నేను గరిటె ముట్టుకోలేదు. మాట్లాడ్డం మానేస్తే మనిషికి కళ్ళు పనిచేస్తాయి కాబోలు, అప్పుడు చూశాను. అక్క అందరికీ వడ్డించి, వంటింట్లో పని ముగించుకుని, ఆఖర్న కూచుంటుంది. ఆవిడ కంచంలోకి పెరుగు వచ్చేదాకా బావ పెరుగు జోలికి పోడు. ఇన్నేళ్ళూ నేను కామెంటరీ చెప్పింది దానికి. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. దిగాలని కూడా నేను కోరుకోవడం లేదు.

ఇప్పుడు పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. నాన్న ఆశ అలా తీరింది. అక్కడ క్రేన్ల చప్పుడు ఎక్కువ, మాట్లాడే అవసరం తక్కువ. నెలకోసారి బావా నేనూ ఆ పాత స్కూటరు మీద టీ పొడి కోసం పూర్ణా మార్కెట్ వెళతాం. సాయిబు గారు నన్ను చూడగానే తూకం ఆపి, తీరిగ్గా ఒకసారి ఆవలించి, మళ్ళీ తూస్తారు. దారిలో ప్రతి కారూ, ప్రతి ఆటోరిక్షా మమ్మల్ని దాటుకుపోతుంది. బావ తిన్నగా పోతూనే ఉంటాడు. పెద్ద కారేదైనా మరీ దగ్గరగా దూసుకుపోతే మాత్రం వెనక్కి తిరక్కుండా, "ఏటి బామ్మర్దీ, మైకులో సెప్పవేటి?" అంటాడు. ఆ గొంతులో సగం వేళాకోళం, మిగతా సగం ఏమిటో నాకు తెలుసు. దానికి మంచి జవాబు నాలుక చివర దాకా వస్తుంది, ఇప్పటికీ వస్తుంది. స్కూటరు అద్దంలో బావ కళ్ళు నన్నే చూస్తూ ఉంటాయి. ఆవలింత వచ్చినవాడిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను.