మూడో వీధి మగవాళ్లు

ఆమెను అందరూ లెక్కలక్క అనేవారు. ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో ఎందరున్నారు, ఏం చదివారు, ఏ సబ్బు వాడతారు, టీవీ ఎంతసేపు చూస్తారు అని అడిగి రాసుకురావడం ఆమె ఉద్యోగం. ఆ వివరాలన్నీ ఆమె కంపెనీ పేటలవారీగా పుస్తకాలు కట్టి, దుకాణాలు పెట్టేవాళ్లకూ ఇళ్లు కట్టి అమ్మేవాళ్లకూ ఇచ్చేది. ఏ పేటలో ముసలివాళ్లు ఎక్కువ, ఏ పేటలో చంటిపిల్లలు ఎక్కువ, ఎవరు అద్దెకుంటారు, ఎవరిది సొంతిల్లు, అన్నీ ఆమెకు కొట్టిన పిండి. గుమ్మం ముందు చెప్పులు చూసి లోపల ఎందరున్నారో చెప్పగలిగేది. ఎవరైనా మొహం మీదే తలుపేసినా కోపం తెచ్చుకునేది కాదు. "పోనీలెండి, తలుపు మాత్రం గట్టిదని రాసుకుంటా" అని పక్కింటికి వెళ్లిపోయేది.

భర్త రాళ్లు కోసే షెడ్డులో పనిచేసేవాడు. దగ్గి దగ్గి, ఎండుపుల్లలా అయిపోయి, నలభై రెండో ఏట పోయాడు. క్షయ అన్నారు. మందులు మింగించారు. ఆయన పోయాకే ఆమె ఈ పనిలో చేరింది. అదీ పదకొండేళ్ల కిందటి మాట. పిల్లలు లేరు. పక్క వాటాలో మరిది, తోడికోడలు, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. అత్తగారు కన్నుమూసేనాటికి మరిదికి పదేళ్లు. వాడిని పెంచి పెద్దచేసింది ఆమే. అన్న పోయిన నెలకే ఆమె షెడ్డు యజమాని దగ్గరికి వెళ్లి, ఇల్లు గడవాలి, ఆయన చోటు తమ్ముడికి ఇవ్వండని బతిమాలింది. యజమాని కాదనలేదు. అది పెద్ద మేలనే అనుకున్నారు అంతా.

ఒక ఏడు వేసవి మొదట్లో కంపెనీ ఆమెకు సొంత పేటనే అప్పగించింది. తెలిసిన మనిషైతే పని త్వరగా తెములుతుందని సూపర్‌వైజరు ఆలోచన. చేతికి కొత్త ట్యాబ్ ఇచ్చాడు. అందులో ముప్పై ఎనిమిది ప్రశ్నలున్నాయి.

షెడ్ల వెనక నాలుగు వీధుల పేట అది. మొదటి రెండు వీధుల్లో దుకాణాలవాళ్లు, డ్రైవర్లు, నర్సులు ఉంటారు. మూడో వీధి మొదటినుంచీ రాళ్లవాళ్లది. అక్కడ మంచాల మీదా గిన్నెల మీదా ఎంత తుడిచినా తెల్లటి పొడి పేరుకుంటూనే ఉంటుంది. ఆడవాళ్లు తలుపులు మూసుకుని వంట చేసుకుంటారు. ఆ వీధిలో ఆమెకు తెలియని గడప లేదు. అయినా వరసగా ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఇంట్లో కూర్చుని, అన్ని ప్రశ్నలూ అడగడం అదే మొదటిసారి.

రెండో రోజు మధ్యాహ్నం, మెషిన్ కుట్టుకునే ఒక మనిషి ఇంట్లో కూర్చుంది. ఇంటి పెద్ద ఎవరని అడిగింది. ఆ మనిషి గుడ్డ మీంచి కళ్లెత్తకుండా గోడవైపు చూపించింది.

"అదిగో, ఫొటోలో ఉన్నాడు. పిలవమంటావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. లెక్కలక్క 'స్త్రీ' అన్న గడి నొక్కి లేచింది. పక్కింట్లోనూ అదే గడి. ఆ పక్కింట్లోనూ అదే. ఎదురింట్లో అత్తా కోడలూ ఇద్దరూ మొగుళ్లు పోయినవాళ్లే. ఆ వారం చివర ఒక సాయంత్రం, వీధిలో ఆఖరి ఇంటి మెట్ల మీద కూలబడి ట్యాబ్‌లో వెనక్కి తిప్పి చూసుకుంది. యాభై ఎనిమిది ఇళ్లు. నలభై ఐదు దాటిన మగవాళ్లు మొత్తం ఆరుగురు. వాళ్లలో ఒకడు దర్జీ, ఒకడు పాలబండివాడు, ఇద్దరు కాపలాదార్లు, ఒకడు పుట్టుకుంటివాడు, ఒకడు స్కూల్లో గంట కొట్టేవాడు. ఒక్కడూ రాయి ముట్టినవాడు కాదు.

ఇన్నేళ్లూ అదే వీధిలో ఉంది. ప్రతి చావుకీ వెళ్లింది. ఒకడు బీడీల వల్ల పోయాడనుకున్నారు, ఒకడు తాగుడు వల్ల, ఒకడు చలిలో పడుకోవడం వల్ల. ఎవరి రాత వాళ్లదనుకుంటూ ఏ ఇంటి ఏడుపు ఆ ఇంట్లోనే ఏడ్చారు. వరసగా అన్నీ ఒకచోట రాసి చూసినవాళ్లు లేరు. ఊరందరి లెక్కలూ కట్టిన తనకే ఇప్పుడు కనబడింది.

ఇతర వివరాలు అన్నచోట ఆమె ఆ మాటంతా రాసి పంపింది. మర్నాడు సూపర్‌వైజరు ఆఫీసుకు పిలిచాడు. చెడ్డవాడు కాదు. ముందు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, ఆ తర్వాతే చెప్పాడు, ఆ మాటలు తీసేశానని.

"మనల్ని అడిగింది బతికున్నవాళ్ల సంగతమ్మా. పోయినవాళ్లు ఏ సబ్బు కొంటారు?"

ఆమె టీ తాగి లేచి వచ్చేసింది. రెండు నెలలకు పుస్తకం అచ్చయి వచ్చింది. దాన్ని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడే చదివింది. మూడో వీధి గురించి సగం పేజీ ఉంది. ఇక్కడ ఎక్కువ కుటుంబాలను స్త్రీలే నడుపుతున్నారు, పొదుపరులు, గొడవలు తక్కువ, ప్రశాంతమైన పరిసరాలు అని రాశారు. ఒక్క అబద్ధం లేదు. అదే ఆమెకు మింగుడు పడలేదు.

ఆ ఆదివారం ఒక నోటుబుక్కు పట్టుకుని మళ్లీ ఒకటో నంబరు ఇంటి తలుపు తట్టింది. ఈసారి ప్రశ్నలు నాలుగే. ఆయన పేరేంటి, ఎన్నేళ్లు రాయి కోశాడు, దగ్గు ఎప్పుడు మొదలైంది, ఎన్నో ఏట పోయాడు. చాలామంది ఆడవాళ్లకు తేదీలు గుర్తులేవు. పెద్దది నడక నేర్చినప్పుడు దగ్గు మొదలైందని, చిన్నది బడికి వెళ్లే ఏడాది మంచం పట్టాడని చెప్పారు. కుట్టుపని మనిషి ఈసారి మెషిన్ ఆపింది. ఆఖరి నెలల్లో ఆయన పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడని చెబుతూ, అలా కూర్చునే చూపించింది. మూడు ఆదివారాల్లో నలభై ఒక్క పేర్లు తేలాయి.

పేట ఆసుపత్రికి అప్పుడే కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. లెక్కలక్క తీసుకెళ్లి ఇచ్చిన నోటుబుక్కును మొదటి పేజీనుంచి చివరిదాకా చదివింది, మధ్యలో ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇది క్షయ కాదు, రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి గడ్డకట్టడం అంది. మందు లేదు, పని మానేస్తే ముదరడం కొంత నెమ్మదించవచ్చు, అంతే అని చెప్పింది. చివరికి, ఇప్పుడు షెడ్లలో ఉన్నవాళ్లెవరు అని అడిగింది.

లెక్కలక్క నోట్లోంచి మొదట వచ్చింది మరిది పేరే.

అతనికి అప్పుడు ముప్పై ఆరు. అన్నలా గంభీరంగా ఉండేవాడు కాదు. నవ్వు ముందు, మనిషి వెనక. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటున్నా కదా, ఇంకేం భయం అనేవాడు. ఆమె వెళ్లి పని మానెయ్యమంది. అతను అన్నం కలుపుతూ విన్నాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఏడాదిగా తనకూ తెలుసన్నాడు. పెళ్లాంతో చెప్పలేదట.

"మానేసి ఏం చెయ్యను వదినా? నాకు వచ్చిన పనల్లా అదొక్కటే. ఆ పనిలో పెట్టింది కూడా నువ్వే."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా, జరిగిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఆ తర్వాత పెద్దకూతురిని పిలిచి మంచినీళ్లు అడిగాడు. గోడ దగ్గర నిలబడ్డ తోడికోడలు మాత్రం ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు తర్వాత లెక్కలక్క ఆ ఇంట్లో కూర్చోలేకపోయింది.

డాక్టరమ్మ పట్టుబట్టి ఎక్స్‌రే బండి తెప్పించింది. అది వచ్చే ముందురోజు షెడ్డు యజమాని, బండెక్కినవాడు మర్నాడు పనిలోకి రానక్కర్లేదని చెప్పించాడు. ముప్పై మూడుమంది ఉన్న షెడ్లలోంచి ఏడుగురే వచ్చారు. మిగిలినవాళ్లు వీధి చివర నిలబడి చూశారు. లెక్కలక్క పొద్దుటినుంచీ బండి పక్కనే కూర్చుని పేర్లు రాసింది. మరిది వస్తాడని అనుకోలేదు. మధ్యాహ్నం దాటాక వచ్చాడు, ఒళ్లంతా పొడితో, గుడ్డ మెడలో వేలాడుతూ. వదిన ఒక్కతీ ఎండలో కూర్చుందని వచ్చానన్నాడు.

ఏడుగురిలో అయిదుగురికి ఉంది. మరిదికి బాగా ముదిరింది.

ఆ తర్వాత జరిగినవన్నీ త్వరత్వరగా జరిగిపోయాయి. కంపెనీ వివరాలు బయటపెట్టిందని లెక్కలక్కను పనిలోంచి తీసేశారు. సూపర్‌వైజరు కాగితం ఇస్తూ తల దించుకున్నాడు. డాక్టరమ్మ రాసిన ఫిర్యాదు మీద అధికారులు షెడ్లు చూడటానికి వచ్చిన రోజున రెండు మెషిన్లకు నీళ్ల గొట్టాలు బిగించారు, పొడి లేవకుండా. వాళ్లు వెళ్లాక వారం వరకే వాటిలో నీళ్లు వచ్చాయి. ఆ వీధి కుర్రాళ్లు నలుగురు షెడ్లు మానేసి సరుకుల బండ్ల మీదికి వెళ్లిపోయారు. ఆమె చేసిన పని వల్ల కంటికి కనబడే మేలు ఆ నలుగురే. మిగతావాళ్లు పొద్దున్నే గుడ్డలు తడుపుకుని వెళుతూనే ఉన్నారు. వాళ్లను ఆపి తిండి పెట్టగల శక్తి ఆమెకు లేదు గనక ఆపలేదు.

మరిది ఒక స్కూలు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. పిల్లలకు తలుపు తీస్తూ, వాళ్లను నవ్విస్తూ, పధ్నాలుగు నెలలు లాగాడు. చివరి మూడు నెలలూ అతనూ గోడకు ఆనుకునే కూర్చున్నాడు. లెక్కలక్క వీపు రాస్తూ ఉండేది. ఒకరోజు సాయంత్రం, తనను షెడ్డుకు పంపినందుకు తప్పంతా తనదే అని ఆమె అనబోయింది. అతను చెయ్యెత్తి వద్దన్నాడు. మాట్లాడే ఊపిరి లేదు. క్షమించాడో, వినలేనన్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ముప్పై ఎనిమిదో ఏట పోయాడు.

రెండిళ్ల అద్దె భరించలేక తోడికోడలు ఇద్దరు పిల్లలతో లెక్కలక్క వాటాలోకే వచ్చేసింది. ఇద్దరూ కలిసి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనికి వెళతారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పక్కపక్కనే నడుస్తారు. చూసినవాళ్లు అక్కచెల్లెళ్లనుకుంటారు. కానీ మరిది పోయిననాటినుంచి తోడికోడలు ఆమెతో నేరుగా మాట్లాడలేదు. తిట్టలేదు, ఒక్క మాట దెప్పలేదు. ఏం చెప్పాలన్నా పిల్లలతో చెప్పిస్తుంది.

పని నుంచి వచ్చి, స్నానం చేసి, ఆడవాళ్లు నలుగురూ ఒకే గదిలో కూర్చుంటారు. తోడికోడలు కంచాల్లో వడ్డించి, లెక్కలక్క ముందు ఒకటి పెట్టి, చిన్నకూతురి వైపు తిరుగుతుంది.

"పెద్దమ్మని తినమను. చల్లారిపోతోంది."

చిన్నది ఆ మాట మళ్లీ చెప్పకముందే లెక్కలక్క కంచం దగ్గరికి లాక్కుంటుంది.