వెనక్కి పోయే బాణం

పొద్దున్నుంచీ ఆ టూలుతో ప్రాణం విసిగిపోయింది. నేను ఆదోనిలో ఇంటి నుంచే పనిచేస్తాను. ఈసారి మా కంపెనీ ఒప్పుకున్నది పత్తి మార్కెట్ యార్డులకు సాఫ్ట్‌వేర్. కోడు రాయకముందే డిజైను బొమ్మ గీసి, అది నడుస్తుందో లేదో బ్రౌజరులో ఆడించి చూడమన్నారు. బొమ్మలో గళ్లు, గళ్ల మధ్య బాణాలు ఉంటాయి. టూలు సరిగ్గా ఎక్కితే ఒక ఎర్ర చుక్క బాణాల వెంబడి గడి నుంచి గడికి నడిచిపోతుంది. ఎక్కితే గదా! ఒకసారి తెల్ల పేజీ, ఇంకోసారి వరసగా ఎర్రక్షరాలు. చివరికి తేలిందేమంటే, పోయిన నెల నేనే పెట్టి మరిచిపోయిన ఇంకో ప్రోగ్రాం ఈ టూలుకు కావాల్సిన పోర్టులోనే తిష్ట వేసుకొని ఉంది. దాన్ని ఆపితే ఇది లేచింది. నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పటికి మధ్యాహ్నమైంది. మా నాయన అన్నానికి వచ్చినాడు. తుగ్గలి పక్క మా ఊరి నుంచి తెల్లారకముందే పత్తి నింపిన బోరాలు ఆటోలో వేసుకొచ్చి యార్డులో దించినాడంట. వ్యాపారులు టెండరు వేసి రేటు తేల్చేది మూడు గంటలకు. పత్తి తెల్లగా, బాగా వచ్చింది గానీ, రేటు పడిపోయిందని యార్డులో అందరూ అనుకుంటాండారంట.

"ఎంతకడిగితే అంతకిచ్చి రావడమే," అన్నాడు చెయ్యి కడుక్కుంటా. ఆ మాట నాకు కొత్త కాదు. ఎన్నిసార్లు విన్నా ఒళ్లు మండుతుంది.

జొన్నరొట్టె తుంచుకుంటా నా ల్యాప్‌టాప్ వైపు చూసినాడు. "ఏమ్మా, సినిమానా?"

"నీ సినిమానే నాయనా. ఈ చుక్క నీ లాటు, పొద్దున నువ్వు దించిన పత్తి."

బటన్ నొక్కినాను. చుక్క గేటు దాటింది, లాటు నంబరు తీసుకుంది, టెండరుకు పోయింది, కాటా ఎక్కింది, గింజ తీసే జిన్నింగు మిల్లుకు పోయింది. మళ్లీ నొక్కమన్నాడు. మూడోసారికి రొట్టె తినడం ఆపి అడిగినాడు.

"రేటు నచ్చకుంటే ఇది యాడికి పోతాది?"

చూసినాను. టెండరు గడి నుంచి బయటికి ఒకటే బాణం, కాటాకు. రైతు ఒప్పుకోకుంటే లాటును మరుసటి దినం టెండరుకు పెట్టుకోవచ్చని నాకిచ్చిన యార్డు రూళ్ల కాగితాల్లో స్పష్టంగా ఉంది. చదివినాను కూడా. అయినా గీయలేదు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట బోరాల మీద కూర్చొని యార్డుకు పోయేదాన్ని. ఎవరో వచ్చి రేటు చెప్పేది, మా నాయన తల ఊపేది, ఆ వెంటనే కాటా. ఏ ఏడు పోయినా నేను చూసింది అదే. చెయ్యి దాన్నే గీసింది. ఆయన తల ఊపుతాడని ఇన్నేండ్లు ఆయన మీద కోపం పెట్టుకున్నదాన్ని, నా బొమ్మలో నేను కూడా ఆయన చేత తలే ఊపించినాను. నిజంగా సిగ్గేసింది.

"నువ్వెప్పుడన్నా వద్దన్నావా నాయనా?"

"అంటే ఊరుకుంటారా? మళ్లీ యార్డుకు పోవల్ల గదా మనం."

టెండరు గడి పక్కన 'మరుసటి దినం' అని ఇంకో గడి పెట్టి, దానికొక బాణం, దాన్నుంచి మళ్లీ టెండరుకొక బాణం గీసి ఆడించినాను. చుక్క టెండరు దాకా పోయి, పక్క గడిలోకి వచ్చి కాసేపు నిలబడి, మళ్లీ టెండరుకు పోయింది.

"ఇది నువ్వనుకొని గీసిందా, రూలేనా?"

"రూలే." కాగితం తీసి ఆ ముక్క చదివి వినిపించినాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత టవలు భుజాన వేసుకొని పోయినాడు.

నాలుగు దాటినాక ఫోను చేసినాడు. వెనక యార్డు గోల వినబడతాంది.

"రేటు సెప్పినారు. వద్దంటి."

"ఏమన్నారు నాయనా?"

"ఏమీ అనలేదు పాపా. సరేనని రాసుకొని పక్క లాటుకు పోయినారు."

ఫోను పెట్టేసే ముందు అన్నాడు.

"ఏమన్నా అంటారని ఇన్నేండ్లూ నేనే అనుకుంటి."