ల్యాబ్ మాన్యువల్ రాసింది ఆంటీ

ఆంటీ రాసిన ల్యాబ్ మాన్యువల్ మీద ఒక ప్రొఫెసర్ గారి పేరుంది. ఈ నెల మొదట్లో ఆంటీ గుండెపోటుతో పోయారు. కవర్ మీద పేరు మాత్రం మారలేదు.

సాగనంపే రోజు చర్చిలో ఆ ప్రొఫెసర్ గారే లేచి మాట్లాడారు. రిటైరయ్యారు, మన తెలుగువారే. "ఆవిడ మా ల్యాబ్‌కి అమ్మలాంటిది. ఆ జంతికలు మర్చిపోలేం" అన్నారు. అందరూ తడికళ్ళతో నవ్వారు. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ చాకిరీకి మిగిలింది జంతికలా?

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆంటీ కాకినాడలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివారు. ఇక్కడికి, కెనడాకి వచ్చాక, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదని ఎవరూ ఇంజినీరు ఉద్యోగం ఇవ్వలేదు. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, చివరిదాకా అదే కుర్చీలో ఉండిపోయారు.

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఊరి శివారు కనాటాలో సర్క్యూట్ బోర్డులు రిపేరు చేసే షాపులో పని. మా అపార్ట్‌మెంట్‌లో ఆంటీది పై అంతస్తు. "వీడియోలు చూసి నేర్చుకున్నావా? మంచిదే. ఇప్పుడు ఫోను కట్టేసి ఈ బోర్డు వాసన చూడు" అన్నారు మొదటిసారి. కాలిన భాగాన్ని మీటర్ కంటే ముందు ముక్కు పట్టేస్తుందని ఆ రోజే తెలిసింది. శనివారం ల్యాబ్ క్లాసులకి బయటివాళ్ళూ రావచ్చని పర్మిషన్ సంపాదించి మరీ నన్ను తీసుకెళ్ళారు.

అక్కడ చూశాను. అమ్మాయిలే తక్కువ, ఒక్కో బల్లకి ఒకరుంటే గొప్ప. ఆ ఒక్కరి చేతిలో పెన్ను. తీగలు కాల్చి అతికించే సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ అబ్బాయి చేతిలోనే. వాడు అతికిస్తాడు, ఈ పిల్ల రీడింగులు రాస్తుంది. నాలుగేళ్ళు రాసి రాసి డిగ్రీ తీసుకున్నాక, ఇంటర్వ్యూలో "నీ చేత్తో ఏం చేశావు?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

అందుకే ఆంటీ జంతికల డబ్బాతో గుమ్మంలో నిలబడేవారు. "పెన్ను ఇందులో వేసి జంతిక తీసుకో తల్లీ. క్లాసయ్యాక ఇస్తాను." అమ్మాయిలందరి దగ్గరా పెన్నులు లాక్కునేవారు. ప్రొఫెసర్ గారూ, మీరు అంత ఇష్టంగా తిన్న జంతికల సంగతి అదీ.

ఇక్కడే పుట్టిన తెలుగబ్బాయి ఒకడు గొణిగాడు. "బట్ ఆంటీ, షీ హాజ్ నైస్ హ్యాండ్‌రైటింగ్!"

"అయితే ప్రాక్టీస్ కావాల్సింది నీకే బాబూ, ఇవాళ నువ్వు రాయి" అని నోట్‌బుక్ వాడి చేతిలో పెట్టారు. ఆ రోజు ఆ బల్ల అమ్మాయి వేలు కాల్చుకుంది. ఆంటీ ఆ వేలు కుళాయి కింద పట్టి, "హమ్మయ్య, నువ్వూ ఇంజినీరువయ్యావు" అన్నారు. పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది.

మాన్యువల్ కూడా అలాగే పుట్టింది. ప్రతి ప్రయోగం ముందు తనే చేసి, కొత్తవాళ్ళు ఏ తీగ తిరగేసి పెడతారో చూసి, వంటింటి బల్ల మీద రాసేవారు. ఎదురుగా కూర్చుని నేను టీ తాగేదాన్ని. "మీ పేరేది ఆంటీ?" అంటే, "పేరెందుకే? లోపల తప్పుల్లేకపోతే చాలు" అన్నారు. పిచ్చిదాన్ని, నమ్మేశాను.

చర్చి మెట్ల మీద ఆంటీ కూతురు ఫోన్ చూపించింది. "షీ ఆస్క్‌డ్ దెమ్ త్రీ టైమ్స్, అక్కా." మూడు ఈమెయిళ్ళు. పేరు వెయ్యండి, ప్లీజ్, అని. ఒక్కదానికే జవాబు వచ్చింది: టెక్నీషియన్ల పేర్లు వెయ్యడం మా పద్ధతి కాదు. కింద ప్రొఫెసర్ గారి సంతకం.

నా చేతికి పని నేర్పిన మనిషి మూడుసార్లు ప్లీజ్ అని అడిగి పోయారు. నేను అడగను, చెప్తాను.

ప్రొఫెసర్ గారూ, నేనిది రాస్తున్న మన తెలుగువాళ్ళ పత్రిక మీ ఇంటికీ వస్తుంది. సెప్టెంబరు బ్యాచ్ కోసం మాన్యువల్ మళ్ళీ అచ్చుకి వెళ్తోంది. మొదటి రోజు దాన్ని అందుకునే అమ్మాయి, రాసినవారి పేరు ఉండాల్సిన చోట ఒక ఆడమనిషి పేరు చదవాలి. మీ పేరు తీసేసి ఆవిడ పేరు వెయ్యమని డిపార్ట్‌మెంట్‌కి మీరే రాయండి. జూలై ఆఖరి శుక్రవారం, సాయంత్రం అయిదింటిలోగా ఆ ఉత్తరం కాపీ ఆంటీ కూతురి చేతికి అందాలి.