ఆది పోయిన పెళ్లి జాకెట్టు

ఆ రోజు పొద్దున్నే చిలమత్తూరు సంఘం ప్రార్థన గ్రూపులో ఒక పాత జాకెట్టు ఫోటో వచ్చింది. మంచం మీద పరిచి, అడ్డంగా టేపు పెట్టి తీసినది. కింద "చంక బిగుతు, అర అంగుళం వదలాల" అని రాసి ఉంది. పాస్టరు ఇమ్మానుయేల్ గారు వెంటనే "ఆమేన్" అని పెట్టారు. ఆయన వెనకాలే సంఘమంతా ఆమేన్ అంది.

పంపింది టైలరు కృపాకుమారి. తన నంబరుకే పంపుకోబోతే వేలు జారింది. అది రేష్మా ఆది జాకెట్టు. ఆది అంటే కొలతకిచ్చేది. పెళ్లికూతురు రేష్మా దాన్ని ఇచ్చినట్టే ఇచ్చి, ఒంటికి సరిపోయేది అదొక్కటే ఉందని మళ్లీ తీసుకుని, బాగేపల్లిలో పెద్దమ్మ ఇంటికి వెళ్లిపోయింది. వాళ్లమ్మ హబీబా మాత్రం పట్టుగుడ్డ చేతిలో పెడుతూ ఉన్నమాట చెప్పేసింది. "ఇది కుదిరితే మా ఇండ్లల్లో పెండ్లి గుడ్డలన్నీ నీకేమ్మా. కుదరకపోతే హిందూపురం టైలర్లు ఉండనే ఉండారు."

పాస్టరు గారు కళ్లజోడు పెట్టుకున్నాక ఫోటో సంగతి తెలుసుకున్నారు. ఆదివారం ప్రసంగమంతా దాని మీదే నడిచింది. ఇంట్లో చెత్త ఊడుస్తాం, ఫోన్లో చెత్త ఎందుకు మోస్తాం, ఆ ఫోటో అందరూ తీసేయండి అన్నారు.

ఆ మాట అందరికంటే లోతుగా దిగింది కృపాకుమారి మొగుడు, ఆటో ఐజాక్‌కి. భార్య ఫోను నిండిపోయిందని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది. మెడల డిజైన్లు, గుడ్ మార్నింగ్ గులాబీలు, ఎవరివో పెళ్లి వీడియోలు. ఒక గులాబీ తీయబోతే పంపినామె నొచ్చుకుంటుందేమోనని ఆమె చెయ్యి ఆగిపోయేది. ఆమె లైనింగు గుడ్డకని అంగడికి పోయిన సందులో ఐజాక్ ఆ పని తనే చేసిపెట్టాడు.

"ఏమే, నీ ఫోను ఇప్పుడు గాలి మాదిరి ఉండాది చూడు."

ఆమె చూసింది. పైకి తోసింది, కిందికి తోసింది. "ఆది యాడ పోయినాదయ్యా?"

"ఏ ఆది?"

"కొలతల ఫోటోలన్నీ ఒక ఫోల్డర్లో ఏసి, దానికి ఆది అని పేరు పెట్టుకోనుంటి గదా!"

ఐజాక్ నోరు తెరిచాడు. "ఆదికాండం అనుకుంటినే! నా ఫోన్లో బైబులంతా ఉండాది, రెండెందుకని తీసేసినా. ఫోన్లో చెత్తబుట్ట గూడా కడిగేసినా."

"గ్రూపులో ఉంటాది గదా?"

"అదీ తుడిచేసినా, నా ఫోన్లో గూడా. అయ్యగారు చెప్పిరి గదా."

కృపాకుమారి మిషను ముందు కూర్చుంది, లేచింది. నీళ్లు ముంచుకుని తాగకుండానే పెట్టేసింది. కత్తెర పట్టు మీదికి తెచ్చి వెనక్కి తీసింది. కంటి అంచనాతో ఛాతీ కొయ్యొచ్చేమో గానీ, చంక కొయ్యలేరు. హబీబా నంబరు తీసింది, చూసింది, ఫోను బోర్లా పెట్టింది. మళ్లీ కొలత అడిగితే కొలతలు పారేసుకునే టైలరమ్మ అని సాయంత్రం బస్సు కంటే ముందు ఆ మాట హిందూపురం చేరుతుంది. పెళ్లి చూస్తే వారంలోకి వచ్చేసింది.

వీధిలో సంఘంవాళ్ల తలుపులన్నీ తట్టింది. "అయ్యగారు చెప్పంగానే తీసేసినాం అక్కా" అని అందరూ గొప్పగా చెప్పారు. ఇంత మాట వినే సంఘం ఆమెకు ఎప్పుడూ కనపడలేదు. చివరికి అయ్యగారి ఇంటికే పోయింది.

ఇమ్మానుయేల్ గారు వాకిట్లోకి తొంగి చూసి గొంతు తగ్గించారు. "తీసేద్దామనే అనుకుంటాన్నానమ్మా. యాడ నొక్కాల్నో తెలీక..." ఆయన ఫోన్లో ఆ జాకెట్టు, ఆ టేపు, ఆ అర అంగుళం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మీరు తీయకుండా ఉండేదే దేవుని దయ అయ్యా!"

"అవునుగానీ, నేను ఆ పొద్దు ఆమేన్ అన్నది దేనికమ్మా?"

"చంక బిగుతుకయ్యా."

జాకెట్టు రేష్మాకు ఒంటికి అతికినట్టు కుదిరింది. ఆ మరుసటి వారమే హబీబా చెల్లెలింటి గుడ్డలు దిగాయి, వాటి వెనకాల మెడల డిజైన్ల ఫోటోలూ దిగాయి.

"ఏమే, మళ్లా నిండిపోయినాదంట నీ ఫోను, ఒకటే గోల చేస్తాండాది" అని గొణుగుతూ ఐజాక్ దాని మీదికి చెయ్యి చాచాడు.

ఆమె కత్తెరతో వాకిలి చూపించింది. "ఆదికాండం అయిపాయ, ఇంకొకసారి దాన్ని ముట్టుకుంటివా, నిర్గమకాండం నీదే."