తోక వైపు పూజ

మా అత్తవారింట్లో కామధేనువు ఉండేది. పాలసముద్రంలో పుట్టినది కాదు, పోలవరం నుంచి మామగారు పడవ మీద తెచ్చినది. పూటకో నిండు కడవ పాలిచ్చేసరికి అది దేవతేనని అత్తగారికి తేలిపోయింది.

ప్రతి శుక్రవారం పూజ. గోవు వెనక భాగంలో లక్ష్మి ఉంటుంది కాబట్టి అందరిలాగే ఆవిడా తోక వైపు నిలబడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టేవారు. ముఖం వైపు పలుపు పట్టుకుని నిలబడడం కొత్త కోడలినైన నా వంతు. అంచేత లక్ష్మీదేవి ఆవిడకూ, ఆవు కళ్ళు నాకూ దక్కాయి.

అభిషేకానికి పాలు, పరమాన్నానికి పాలు, దర్శనానికి వచ్చిన ముత్తయిదువులకు చెంబులతో పాలు. దూడను మాత్రం ఆవు చేపి పొదుగులోకి పాలు దించేదాకా వదిలి, వెంటనే లాగి గుంజకు కట్టేసేవాళ్ళు. దాని డొక్కలు ఎండిపోతున్నాయి. ఉండబట్టలేక ఒకరోజు నోరు తెరిచాను.

"అత్తయ్యగారూ, ఒక్క చన్ను దూడకి వదిలేద్దామండి. నిలబడలేకపోతోంది."

"కామధేనువు బిడ్డకి ఆకలేంటమ్మాయ్?" అన్నారావిడ. శాస్త్రచర్చ అంతటితో ముగిసింది.

దూడ మాఘమాసం దాటలేదు. పాక వెనక కూర్చుని ఏడ్చాను. ఇంట్లోవాళ్ళకూ దుఃఖమే, ఆవు పాలు బిగపట్టింది మరి. దానికీ ఉపాయం ఉంది. దూడ తోలు ఒలిపించి, ఎండుగడ్డి కూరి, కుట్టించి తల్లి ముందు నిలబెట్టారు. బిడ్డ వాసన తగిలి ఆవు దాన్ని నాకింది, చేపింది. దేవత మళ్ళీ కరుణించిందని అత్తగారు పొంగిపోయారు.

ఆ శుక్రవారం వెనక స్తోత్రాలు, ముందు నాలుక చప్పుడు. నాకగా నాకగా దూడ పొట్ట దగ్గర కుట్టు విడిపోయి గడ్డి బయటికొచ్చింది. పూజ హడావుడిలో పొద్దుటినుంచీ మేత వేయడం ఎవరికీ గుర్తు లేదు. ఆవు కాసేపు ఆగింది. తరవాత ఆ గడ్డి తినడం మొదలుపెట్టింది.

ఒక్కసారి ఇటు వచ్చి చూడమని అత్తగారిని పిలిచాను.

అన్నాళ్ళకు మొదటిసారి ఆవిడ ముందుకొచ్చారు. వంగి చూశారు. కళ్ళు చెమర్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పాపం, దూడకి బొట్టు పెట్టడం మరిచిపోయామే అమ్మాయ్. ఆ కుంకుమ భరిణె ఇలా అందుకో."

అందించింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.